పసుపు నీళ్ల చెరువు

బాలింతకు కొర్రమట్ట పెట్టాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. పెట్టేవాళ్లం, అంతే. పురుడైన ఇంట్లో వేన్నీళ్లు ఎట్లా కాగుతాయో, చెరువు నుంచి కొర్రమట్ట అట్లాగే వచ్చేది. నల్లగా, గుండ్రంగా, పాము తలలాంటి తలతో ఉండే చేప అది, కొర్రమీనని కూడా అంటారు. ముళ్లు తక్కువ, బలం ఎక్కువ. అలాంటిది మొన్న పొద్దున భాగ్య ఫోన్ చేసి ఆ ప్రశ్నే అడిగింది. భాగ్య మా తమ్ముడు సత్తయ్య కోడలు. దాని బిడ్డ మౌనిక తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పసిదానికి ఇంకా బొడ్డు కూడా ఊడలేదు.

"అత్తమ్మా, మామ పొద్దుగాలనే వల భుజానేసుకొని పోయిండు. మౌనికకు చెర్వు చాపనే పెట్టాలెనంట. నేనొద్దంటె నా మీదికే లేస్తుండు. పిల్ల పాలిస్తున్న తల్లి, గా నీళ్ల చాప ఎట్ల పెట్టాలె చెప్పు? ఆయన ఎవ్వరి మాట ఇనడు, నీ మాటింటడు. జెర నువ్వు రా," అంది.

"నా మాట సుత ఇనడే. కాకుంటె నన్ను తిట్టడు, గంతే," అన్నాను. అని చెప్పులేసుకున్నాను.

నేనుండేది చిలకలగూడలో. ఒక బడిలో ఆయాగా చేసి మానేశాను. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ బడిలోనే, తల నెరిసిన తరువాత. ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడుస్తూ, వాళ్ల వెనక బెంచీ మీద కూచుని, వాళ్లతోపాటే పలక మీద దిద్దాను. టీచరమ్మ నవ్వేది. పిల్లలు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని ఋ రాయించింది వాళ్లే. అందుకే నా రాతలో పెద్ద మాటలు దొరకవు, వెతకొద్దు. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లకు ఒక రోగం ఉంటుంది. కంటబడ్డ బోర్డునల్లా చదువుతారు. చిలకలగూడ నుంచి మౌలాలి పోయే బస్సులో కూచుంటే నాకు దారి పొడుగునా అదే పని. టైర్ల దుకాణం, దంతాల డాక్టరు, ఫంక్షన్ హాలు, మళ్లీ టైర్ల దుకాణం. మొన్న మాత్రం ఒక్క బోర్డు కూడా చదవలేదు. కళ్లు కిటికీలోంచి చూస్తున్నాయి గాని నాకు మా అమ్మ కత్తిపీట ముందు కూచున్నట్టే ఉంది.

మా చెరువు మౌలాలి గుట్ట అవతల ఉంది. పేరు రాయను. రాసినా మీకు తెలియదు, చుట్టూ అపార్టుమెంట్లు కట్టినవాళ్లు దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. మేం బెస్తవాళ్లం. కట్ట కింద మా ఇల్లు. ఇల్లంటే రెండు అర్రలు, ముందర పందిరి, పందిరి గుంజలకు ఆరేసిన వలలు. ఆ రోజుల్లో నూలు వలలు. చివికిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో నానబెట్టేవాళ్లు. ఆ కషాయం వాసన, దాని మీద చేప వాసన, దాని మీద పొయ్యి పొగ, ఈ మూడూ కలిసిందే నాకు ఇల్లు. బడిలో పనికి చేరిన కొత్తలో ఒక టీచరమ్మ నా దగ్గర చేపల వాసన వస్తుందని ముక్కు మూసుకుంది. నాకు కోపం రాలేదు. ఇంత దూరం వచ్చినా ఇల్లు నన్ను విడవలేదు కదా అనుకున్నాను. ఇప్పుడు ఎంత వాసన చూసుకున్నా సబ్బు తప్ప ఏమీ రాదు.

అమ్మ చేపను బాగుచేసే తీరు నాకు ఇప్పటికీ చేతుల్లో ఉంది. కొర్రమట్టకు జిగురెక్కువ. పట్టుకుంటే జారిపోతుంది, చచ్చిన తరువాత కూడా జారుతుంది. పొయ్యిలో బూడిద తీసి దాని ఒంటికి పూసి, వాకిట్లో గరుకు బండ మీద తల నుంచి తోకకు, తోక నుంచి తలకు రుద్దేది. నల్లటి చేప తెల్లగా తేలేది. బాలింతకైతే చింతపండు చేతివేలంత, మిరపకాయ అసలే లేదు, మిరియాలు, ఎల్లిపాయ, కొంచెం వాము. కొత్త కుండలో వండేది. వండుతున్నంతసేపూ ఎవ్వరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, నన్ను తప్ప. "నీకు రేపు పనికొస్తది, చూడు," అనేది. బాలింత నోట్లో మొదటి ముద్ద అమ్మే పెట్టేది. కట్ట కింద ఎవరింట్లో పురుడైనా, కులం ఏదైనా, మా ఇంటి నుంచి ఆ కుండ పోవలసిందే. కోమటి శాంతమ్మ ఒక్కతే తినేది కాదు. ఆమెకు మా నాయన కలువ పూలు తెచ్చిచ్చేవాడు.

మా నాయనకు ఒక నియమం ఉండేది. వానాకాలం షురూ కాగానే కొర్రమట్టలు తుంగ మధ్యన గూడు చేసుకుంటాయి. గుడ్లు పొదిగి పిల్లలు లేచాక చూడాలి. నిప్పు కణికలు నీళ్లలో పోసినట్టు ఎర్రెర్రని పిల్లల గుంపు, బంతిలాగా ఒక్క చోటే తిరుగుతూ ఉంటుంది. దాని కిందే తల్లి, తండ్రి. ఏ కప్ప దగ్గరికొచ్చినా, కొంగ వాలినా రెండూ ఎగిరి మీద పడతాయి. ఆ జంట మీద వల వేస్తే తేలిక, అవి పిల్లలను విడిచి పారిపోవు కదా. అందుకే వేయకూడదు. "పిల్లల తల్లి మీద వల ఇసిరినోడు బెస్తోడు గాదు," అనేవాడు నాయన. నేనూ మా తమ్ముడు సత్తిగాడూ కట్ట మీద బోర్లా పడుకొని ఆ ఎర్ర బంతిని చూసేవాళ్లం. వాడు చిన్నప్పుడు దాన్ని చెరువు బొట్టు అనేవాడు. చెరువు బొట్టు పెట్టుకుందక్కా అని.

ఇప్పుడు సీసం సంగతి చెప్పాలి. విసురువల అంచుకు బరువు కోసం సీసం గుండ్లు కడతారు. నాయన ఇనుప గరిటెలో సీసం కరిగించేవాడు. వెండిలాగా మెరుస్తూ ఊగేది గరిటెలో. మట్టి అచ్చుల్లో పోసి, చల్లారాక దారానికి తొడిగి, పంటితో కొరికి బిగించేవాడు. పళ్ల మధ్య మూడు నాలుగు గుండ్లు పెట్టుకొని మాట్లాడేవాడు, టైలర్ గుండుసూదులు పెట్టుకున్నట్టు. "ఇనుము మాటినదు, ఇత్తడి మాటినదు. సీసమే మన లోహం బిడ్డా, పంటి కిందికి రాంగనే మెత్తబడతది," అనేవాడు. అందుకని మా కాలువ ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు పడ్డప్పుడు మా ఇంట్లో అందరికంటే సంతోషపడ్డది ఆయనే. సీసం కోసం సికింద్రాబాద్ పోవలసిన పని తప్పింది. షెడ్డువాళ్లు చిన్న చిన్న తుంపులు ఊరికే ఇచ్చేవాళ్లు. వాళ్లు బ్యాటరీలు కడిగిన నీళ్లు మా కాలువలోకే విడిచేవాళ్లు. నాయన వాళ్లకు చేపలు పంపించేవాడు.

ఆ షెడ్డు పక్కనే పాలిష్ షెడ్లు లేచాయి. సైకిల్ హ్యాండిళ్లు, నల్లాలు, టిఫిన్ గిన్నెలు, ఏవి ఇచ్చినా అద్దంలాగా మెరిపించి ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో ఒక పాత ఇనుప గిన్నెకు పాలిష్ పట్టించుకొచ్చి అమ్మ దానిలో మొహం చూసుకొని బొట్టు పెట్టుకున్నది. ఆ ఏడు ఆషాఢంలో బోనాలు అయిన మరునాడో ఆ మరునాడో పెద్ద వాన పడ్డది. పొద్దున్నే కట్ట మీదికి పోయిన ఆడవాళ్లు కేకలు పెట్టారు. కాలువలో పసుపు నీళ్లు వస్తున్నాయి. నిజంగా పసుపే. అమ్మవారికి స్నానం చేయించిన పసుపు నీళ్ల రంగు, తేడా లేదు. అవి వచ్చి సరిగ్గా కట్ట మైసమ్మ రాయి ముందునుంచి చెరువులో కలుస్తున్నాయి. బోనం ఎత్తి ఇంకా తడి ఆరలేదు, తల్లి తానమాడిందని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు. అందరం నమ్మాం.

ఇంకెవరైనా అయితే ఇదేం నీళ్లని అడిగేవాళ్లేమో. మాకు పసుపు నీళ్లు తెలుసు, పసుపు నీళ్లంటే ఏమిటో పుట్టినప్పటినుంచి తెలుసు. అదే మా ఖర్మ. చెంబులతో ముంచుకొచ్చి గడపలకు చల్లారు, వలలకు చల్లారు, బర్రెలకు చల్లారు. సత్తిగాడికి అప్పుడు కాళ్ల నిండా గజ్జి. అమ్మ వాణ్ణి కాలువలో నిలబెట్టి, దణ్ణం పెట్టి, మోకాళ్ల దాకా ఆ నీళ్లు పోసింది. వాడు మంట మంట అని ఎగిరాడు. "తల్లి చెయ్యి పడితె మండదారా?" అంది అమ్మ. గజ్జి ఉన్న చోటల్లా గుంటలు పడ్డాయి. మేకుతో బెజ్జం పెట్టినట్టు, గుండ్రంగా, లోతుగా. మానడానికి చాలా కాలం పట్టింది. ఆ మచ్చలు ఇప్పటికీ వాడి పిక్కల మీద ఉన్నాయి. తల్లి ముద్రలంటాడు వాడు. పెళ్లిచూపుల్లో కూడా పంచె ఎత్తి చూపించాడు.

పసుపు నీళ్లు వచ్చిన రోజుల్లోనే చేపలు పైకొచ్చాయి. రవ్వలు, బొచ్చెలు, పరకలు, అన్నీ నీళ్ల మీద నోళ్లు తెరిచి గుటకలేస్తూ, ఒడ్డుకే వచ్చాయి. వల అక్కర్లేదు, చేతులతో తీసుకున్నాం. పిల్లలం పావడాల్లో పట్టాం. మా నాయన నడుము లోతు నీళ్లలో నిలబడి నవ్విన నవ్వు నేను మరిచిపోలేను. మనిషి అంతగా నవ్వగా నేను మళ్లీ చూడలేదు. "తల్లి ఇచ్చింది, తల్లి ఇచ్చింది," అంటూ తట్టల్లోకి విసిరాడు. చేపల చెంపలు ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన మొప్పలు తెల్లటి జిగురు కట్టుకొని ఉన్నాయి. అమ్మ చూసింది. బూడిద ఎక్కువ పెట్టి రుద్దింది. కట్ట కింద అందరి ఇళ్లలో చేపల పులుసు. ఊపిరాడక పైకొచ్చిన జీవాలను మేం పండగ చేసుకొని తిన్నాం.

తరువాత ఒక్కటొక్కటే పోయాయి. మొదట నత్తలు. మా బాతులకు అవే మేత, ఏరుకు రమ్మని పంపితే ఒట్టి గుల్లలు తెచ్చేవాళ్లం, అవీ పట్టుకుంటే పొడి అయ్యేవి. తరువాత చిన్న రొయ్యలు. ఎండ్రికాయలు కాళ్లు ముడుచుకొని ఒడ్డున పడి ఉండేవి. వాన పడ్డ సాయంత్రం కప్పలు అరవలేదని ఒక రోజు అమ్మ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది. రవ్వ పిల్లలు వెన్ను వంకరగా పుట్టడం మొదలైంది. సగం నుంచి వంగి, కొడవలిలాగా. ఈదితే ముందుకు పోయేవి కాదు, అక్కడే గుండ్రంగా తిరిగేవి. వాటిని మార్కెట్లో ఎవరూ కొనరని అమ్మ ముక్కలు కోసి తీసుకుపోయేది. కొర్రమట్టలు మాత్రం నిలిచాయి. అవి నీళ్లలో గాలి చాలకపోతే పైకి తేలి మన గాలి పీల్చుకుంటాయి. కొర్రమట్ట ఉందంటే చెరువు బాగున్నట్టే అని నాయన ధైర్యం. నిలవడమంటే బాగుండడం కాదని మాకు చెప్పినవాళ్లు లేరు.

ఒక వానాకాలం నేనూ సత్తిగాడూ ఎప్పటిలాగే బోర్లా పడుకొని చూస్తున్నాం. తుంగ మధ్యన కొర్రమట్టల జంట ఉంది. గుండ్రంగా తిరుగుతున్నాయి. కొంగ వాలితే ఎగిరి మీద పడ్డాయి. కాని వాటి మధ్యన ఏమీ లేదు. ఉత్త నీళ్లు. గుడ్లు తెల్లగా బూజు పట్టి ఒక పక్కన తేలుతున్నాయి. ఆ రెండూ ఏమీ లేని చోటుకు కావలి కాస్తున్నాయి. సత్తిగాడు నన్ను అడిగాడు, "బొట్టేదక్కా?" అని. నేను పెద్దదాన్ని కదా, ఏదో చెప్పాలి. "చెరిగిపోయింది, మల్ల పెట్టుకుంటదిలే," అన్నాను. ఆ తరువాత అమ్మకు పుట్టిన వాళ్లు కూడా ఎవరూ దక్కలేదు. ఆ రోజుల్లో పసిపిల్లలు అట్లా పోయేవాళ్లే, ప్రతి ఇంట్లోనూ. ఆ చావులు నేను ఆ నీళ్ల మీద రుద్దను. రుద్దకుండా నిద్ర పట్టిన రోజూ లేదు. అమ్మ బాలింతగా ఉన్నన్ని సార్లూ నాయన కొర్రమట్ట తెచ్చాడు. ఆ కుండ వండింది నేనే. నేర్చుకున్నాను కదా.

మొన్న బస్సు దిగి నేరుగా కట్ట మీదికే పోయాను. కట్ట ఇప్పుడు కట్టలాగా లేదు. టైల్స్ వేశారు, రెయిలింగ్ పెట్టారు, ఫోటోలు దిగడానికి పెద్ద పెద్ద రంగు అక్షరాలు నిలబెట్టారు. వాకింగ్ చేసేవాళ్లు చెవుల్లో వైర్లు, ముక్కులకు మాస్కులు. అపార్టుమెంట్లన్నిటికీ చెరువు వైపు బాల్కనీలున్నాయి, ఒక్క తలుపూ తెరిచి లేదు. నీళ్లు ముదురాకుపచ్చ, అంచున సబ్బు నురగ, మిగతా సగం గుర్రపుడెక్క. దాని మధ్యన ఉన్న కాస్త ఖాళీలో సత్తయ్య, నడుము లోతు నీళ్లలో, మా నాయన నిలబడ్డ చోటనే.

"ఒరే సత్తిగా! బయటికి రా," అన్నాను.

"అక్కా! నువ్వెప్పుడొచ్చినవే? కోడలు ఫోన్ కొట్టిందా? గది రేడియో టేషన్ లెక్క, ఇంట్ల తుమ్మినా నీకు ఖబర్," అన్నాడు. ఒడ్డుకొచ్చాడు. బకెట్లో కొర్రమట్ట ఉంది. పెద్దదే. మోచేతి పొడుగు. తోక దగ్గర కొంచెం వంకర.

ఒడ్డున వాడు సామాను పెట్టుకునే చిన్న రేకుల పాక ఉంది. దానిలో చేపలు కోసే బల్ల మీద ఒక రేకు బోర్డు పరిచాడు. కత్తి గీతల కింద అక్షరాలు కనబడుతున్నాయి. నా రోగం తెలుసు కదా, చదివాను. ఈ నీటిలోని చేపలు తినుటకు పనికిరావు.

"దీని మీద ఏం రాశుందో ఎరికేనారా?"

"చదువుకున్నదానివి నువ్వు. నాకు మంచి రేకు దొరికింది, గంతే."

"చాపలు తినొద్దని ఉంది."

"అవునా? మరి గా రేకు మీద కోసినా ఏం గాలేదు చూడు," అని నవ్వాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. ఎప్పటినుంచో వణుకుతున్నాయి. చాయ్ ఇస్తే సగం సాసర్లో పడుతుంది. అడిగితే వయసు అంటాడు. నేను వాడికంటే పెద్దదాన్ని, నా చెయ్యి వణకదు.

లోగడ ఒకసారి కాలేజీ పిల్ల ఒకతి ఇక్కడికి వచ్చి చేపలు తీసుకుపోయింది. తరువాత మళ్లీ వచ్చి, ఈ బల్ల దగ్గరే ఒకదాన్ని కోసి మా ఇద్దరికీ చూపించింది. మొప్పలు, కాలేయం, లోపలి మెత్తని భాగాలు. సీసం, పాలిష్ షెడ్ల నీళ్లను పసుపు చేసే క్రోమియం, ఇంకా ఏవో ఉన్నాయంది. షెడ్లు మూతబడ్డా అవి బురదలోనే ఉంటాయట. బురద నుంచి పురుగులకు, పురుగుల నుంచి చిన్న చేపలకు, చిన్న చేపల నుంచి కొర్రమట్టకు. ఎంత పెద్ద చేపో అంత ఎక్కువ పోగేసుకుంటుందట. కడిగినా పోదు, ఉడికించినా పోదు, కడుపులో బిడ్డకూ చంటిపిల్లకూ ఎక్కువ చెడుపు అని ఆ పిల్ల నా మొహంలోకి చూసి చెప్పింది. బూడిదతో రుద్దితేనో అని అడగబోయి నోరు మూసుకున్నాను. సత్తయ్య ఆ పిల్లకు మంచినీళ్లిచ్చి పంపించి, "పాపం, ఎండల తిరుగుతుంది," అన్నాడు.

ఇప్పుడు బకెట్ ఎత్తుకొని ఇంటి దారి పట్టాడు. వెనకే నేను.

"బాలింతకు పెట్టకురా. పాలల్ల దిగుతదట. నీకు దణ్ణం పెడత."

వాడు ఆగాడు. నవ్వు పోయింది. "అక్కా, నేను పిచ్చోణ్ణా? నాకెరుక లేదనుకుంటున్నవా? గీ చెర్వుల వల ఏసేటోణ్ణి నేనొక్కణ్ణే మిగిలిన. చాపలున్నయి, బెస్తోడు పడుతుండు అని సర్కారు కాయిదంల ఉంటేనే ఇది చెర్వు. లేకుంటె గుంట అని రాస్తరు. లారీలల్ల మట్టి దెచ్చి పోస్తరు. ఈ చాప విషం అని ఒక్క మాట నా నోట్లకెల్లి రావాలెనని ఎంతమంది ఎదురు సూస్తుండ్రో నీకు తెల్వదు. నా ఇంట్ల బాలింతకే నేను పెట్టకుంటె, చెర్వు సచ్చిపోయిందని నేనే దండోరా ఏసినట్టు గాదా?"

"చెర్వు కోసం పిల్లను పెడతవారా?"

"అమ్మ మనకు పెట్టలేదా?" అన్నాడు.

వాడి మాటలో అబద్ధం ఎక్కడుందని వెతికాను, దొరకలేదు. వాడు వల తీస్తే చెరువు పోతుంది. వల వేస్తే ఇంట్లో మనుషులు పోతారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి అని చెప్పడానికి నేనెవరిని? కట్ట విడిచి చిలకలగూడ చేరిన మొదటి మనిషిని నేనే.

ఇంట్లో భాగ్య చేప ముట్టనంది. "నేను ముట్ట, నేను కడగ, నేను వండ. కావాల్నంటె నువ్వే వండుకో మామా," అని చీపురు పట్టుకొని వాకిట్లో నిలబడ్డది. సత్తయ్య తానే బండ దగ్గర కూచుని బూడిద లేదు గనక రాళ్ల ఉప్పుతో రుద్దాడు, తానే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. గ్యాసు పొయ్యి, స్టీలు గిన్నె. అయినా మిరియాలు, ఎల్లిపాయ, వాము పడేసరికి ఆ వాసన లేచింది. నా కాళ్లు నా మాట వినకుండా వంటింట్లోకి పోయాయి.

మౌనిక తలకు గుడ్డ కట్టుకొని, పసిదాన్ని ఒళ్లో పెట్టుకొని గుమ్మంలో కూచుంది. పత్యం అన్నం తిని తిని మొహం పీక్కుపోయింది. "అమ్మమ్మా, ఊకె లొల్లి ఎందుకు మీ ముగ్గురికి? ఆన్‌లైన్ల ఆర్డర్ పెడితె కొర్రమీను ఇంటికొస్తది, కట్ చేసి మరీ ఇస్తరు. నేను పెడతా ఆగు," అంది.

"అది యే చెర్వుదో ఆ ప్యాకెట్ మీద రాస్తరా?" అన్నాడు సత్తయ్య గరిటె ఆపకుండా. "మీ అమ్మమ్మ అన్నీ సదువుతది గదా, అడుగు."

రాయరు. నేను చాలా ప్యాకెట్లు చదివాను. బరువు రాస్తారు, ధర రాస్తారు, ఎన్నాళ్లు నిలవుంటుందో రాస్తారు. ఏ నీళ్లలో పెరిగిందో రాసిన ప్యాకెట్ నాకు ఇంతవరకు కనబడలేదు. రాయరనే పిల్లకు చెప్పాను. "మరి ఏం తినమంటరు నన్ను?" అంది. అరవలేదు, మెల్లగానే అంది. పసిది ఆ చప్పుడుకే లేచి ఏడ్చింది, దాన్ని రొమ్ముకు పెట్టుకుంది. పెట్టుకుని, పొయ్యి మీది గిన్నె వైపే చూస్తోంది. ఆకలిగా ఉన్న బాలింత చూపు నాకు తెలుసు. ఆ చూపు చూసే మా అమ్మ మొదటి ముద్ద కలిపేది.

సత్తయ్య కంచంలో అన్నం పెట్టాడు, పులుసు పోశాడు, నడిమి ముక్క వేశాడు. కంచం పట్టుకొని వణికే చేతులతో మౌనిక వైపు నడుస్తున్నాడు. పారబోయొచ్చు. పారబోస్తే రేపు నేను లేనప్పుడు తెస్తాడు. నేను అడ్డంగా పోయి ఆ కంచం లాక్కున్నాను.

"దానికి పసుపుకొమ్ము నూరి అన్నంల కలిపి పెట్టండి, కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టండి. ఇది నాకు," అన్నాను. అక్కడే గచ్చు మీద కూచున్నాను.

"గదేందక్కా, బాలింతకు గదా?"

"అమ్మ సచ్చినప్పట్నుంచి ఈ కూర నాకెవ్వరు పెట్టిండ్రురా? నాకు తినాలనుంది. పెట్టనంటవా?"

వాడు ఇంకో కంచం తెచ్చుకొని నా ఎదురుగా కూచున్నాడు. ఇద్దరం తిన్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు నా మనసులో ఒక ఆశ ఉండింది, దాచడమెందుకు. రుచి మారి ఉంటుందని. చేదో, తుప్పో, ఏదో ఒకటి తగిలితే, ఇగో చూడరా అని ఉమ్మేయొచ్చని. ఏమీ తగల్లేదు. మెత్తగా, తియ్యగా, అదే కొర్రమట్ట. అమ్మ చేతి కూర ఎట్లుండేదో అట్లనే ఉంది. విషానికి ఒక వాసనన్నా, ఒక రుచన్నా పెట్టని దేవుణ్ణి ఆ ముద్ద మింగుతూ తిట్టుకున్నాను.

"ఎట్లుందక్కా?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. "బాగుంది," అన్నాను.

భాగ్య గుమ్మంలోంచి నా వైపు చూసిన చూపు నేను రాయలేను. అప్పుడు నాకు ఒకటే తోచింది. గిన్నెలో ఏమీ మిగలకూడదు. తల వేసుకున్నాను, తోక వేసుకున్నాను, పులుసు గిన్నె ఒంపుకొని తాగాను. కడుపు నిండి నొప్పి పుట్టింది. సత్తయ్య కంచం పక్కన పెట్టి నన్నే చూస్తున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పటి మొహం వచ్చింది వాడికి.

"ఎంత ఇష్టంగ తింటివక్కా! అమ్మ లెక్కనే తింటివి. రేపు సుత పట్టుకొస్త నీకు."

"తే," అన్నాను. "నేనున్నన్ని రోజులు తే. కని ఏది తెచ్చినా నాకే. ఇంకెవ్వరి కంచంల పడ్డా నేను ఈ గడప తొక్క."

"నీకే, నీకే," అన్నాడు.

భాగ్య మా ఇంటికి ఫోన్ చేసి నా చీరలు తెప్పించింది. మౌనిక అత్తగారింటికి పోయేదాకా నేను ఇక్కడే. ఇది కూడా ఆ ఇంటి పందిరి కింద కూచునే రాస్తున్నాను. మౌనిక లోపల పిల్లకు పాలిస్తోంది. సత్తయ్య తెల్లారకముందే పోతాడు. నేను లేచి కూచుని వాడి అడుగుల చప్పుడు కోసం చూస్తాను. మా నాయన ఖాళీ వలతో వస్తే అమ్మ పొయ్యి రాజేసేది కాదు, ఇంట్లో ఎవ్వరూ ఎవ్వరితో మాట్లాడేవాళ్లం కాదు. ఇవాళ సత్తయ్య ఖాళీ వలతోనే వచ్చాడు. తలెత్తకుండా కాళ్లు కడుక్కున్నాడు. నాకు పానం నిమ్మళమైంది. బెస్తవాడి కడుపున పుట్టి, ఖాళీ వల చూసి నేను సంతోషపడ్డాను.